వంద శాతం పూర్తయిన కోర్సుల వెనక: సంస్థల యాజమాన్యాలకు, శిక్షణ విభాగాలకు బహిరంగ లేఖ

సంస్థల యాజమాన్యాలకు, మానవ వనరుల విభాగాధిపతులకు, శిక్షణ బాధ్యులకు,

నమస్కారం.

మీ ఉద్యోగుల కోసం ఆన్‌లైన్ కోర్సులు రాసేవాళ్లం, రికార్డు చేసేవాళ్లం, వాటిని ఎల్‌ఎంఎస్‌లోకి (కోర్సులు అందించి, ఎవరు పూర్తిచేశారో నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌లోకి) ఎక్కించి నడిపేవాళ్లం, లైవ్ క్లాసులు చెప్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని మాటలు మీకు కొత్తవి కావు. సమీక్ష సమావేశాల్లో మేం చెప్పాం, కోర్సు చివరి అభిప్రాయ పత్రాల్లో ఉద్యోగులే రాశారు. "ఈసారికి ఇలా కానివ్వండి, వచ్చే ఏడాది చూద్దాం" అన్న జవాబే ప్రతిసారీ వచ్చింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

శిక్షణకు మీరు డబ్బు కేటాయిస్తున్నారు. దూరాన ఉన్న ఉద్యోగికీ అదే పాఠం అందాలని కోరుకుంటున్నారు. ఆ ఉద్దేశం మీద మాకు అనుమానం లేదు. మా ఫిర్యాదంతా మీరు లెక్కపెడుతున్నదాని గురించే. డ్యాష్‌బోర్డు మీద "పూర్తయింది" అని గడి పచ్చబడితే చాలు, నేర్చుకున్నట్టే అనుకుంటున్నారు.

ఆ గడి ఎలా పచ్చబడుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. 60 స్లయిడ్లు, 45 నిమిషాలు. తెర మీదున్న వాక్యాన్నే ఒక గొంతు పొల్లుపోకుండా చదువుతుంది. చదవడం అయ్యేదాకా "నెక్స్ట్" బటన్ పనిచేయదు. ఉద్యోగి సౌండ్ ఆపేసి, ఇంకో ట్యాబ్‌లో తన పని చేసుకుంటూ, నిమిషానికోసారి వచ్చి నొక్కి పోతాడు. చివర 10 ప్రశ్నలు. 80 శాతం వస్తే పాస్. ఎన్నిసార్లైనా రాయొచ్చు, ప్రతిసారీ అవే ప్రశ్నలు, అదే వరస. మూడోసారికి ప్రశ్న చదవనక్కర్లేదు. చాలా కోర్సుల్లో మొదటిసారీ అక్కర్లేదు, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న జవాబే సరైనది. ఈలోగా జవాబుల ఫొటో వాట్సాప్ గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఉద్యోగుల బద్ధకం అనుకోకండి. కోర్సు నొక్కమంది, వాళ్లు నొక్కారు.

మొక్కుబడి కోర్సుతో ఒక గంట వృథా కావడం చిన్న నష్టం. తప్పుడు ఖాతాకు సొమ్ము వెళ్లిపోయినప్పుడు, యంత్రంలో ఎవరి చెయ్యో పడినప్పుడు, విచారణలో ముందుగా బయటికొచ్చేది ఆ సర్టిఫికెటే. "శిక్షణ ఇచ్చాం, అతనే పాటించలేదు" అంటారు. ఏమీ నేర్పని కోర్సు సంస్థకు కవచమవుతోంది, ఉద్యోగి మెడకు చుట్టుకుంటోంది. సొమ్ము పోగొట్టుకున్న ఖాతాదారుకు మాత్రం ఆ సర్టిఫికెట్‌తో ఒరిగేదేమీ లేదు.

ఏం మారాలో కింద అంశాలవారీగా రాస్తున్నాం. కొన్నిటికి పైసా ఖర్చు లేదు.

1. ప్రతి సమస్యకూ కోర్సే మందనుకోవడం మానండి.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, ఎక్కడో పొరపాటు జరిగిందని రిపోర్టు రాగానే కోర్సు చేయమని మాకు కబురొస్తుంది. అడిగే ముందు నాలుగు విషయాలు తేల్చండి. ఆ పని ఎలా చేయాలో వాళ్లకు నిజంగా తెలియదా? తెలిసినా సాఫ్ట్‌వేరో, సమయమో, సామగ్రో అడ్డుపడుతోందా? నియమం ప్రకారం చేస్తే టార్గెట్ తగ్గి వాళ్లకే నష్టం జరుగుతోందా? ఆరు నెలలకోసారి చేసే పనైతే, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం అసలుందా?

మొదటి ప్రశ్నకు "అవును, తెలియదు" అని వస్తేనే కోర్సు పనికొస్తుంది. దరఖాస్తు ఫారంలో "పంపిన తేదీ", "అందిన తేదీ" గడులు పక్కపక్కనే ఒకేలా ఉంటే ఎవరైనా తారుమారు చేస్తారు. దానికి "సమాచారంలో కచ్చితత్వం" అని అందరికీ 40 నిమిషాల కోర్సు పెట్టడం కంటే, గడులను విడదీసి, రెండో తేదీ మొదటిదానికంటే ముందుంటే ఫారం ఒప్పుకోకుండా చేస్తే సరిపోతుంది. అరుదుగా చేసే పనికి ఒక పేజీ సూచిక చాలు. అడుగులు వరసగా, ఒక్కో అడుగుకు ఒక్క వాక్యం, పొరపాటు జరిగే చోట హెచ్చరిక. అది పని జరిగే చోటే, ఆ స్క్రీన్ పక్కనే దొరకాలి. ఎల్‌ఎంఎస్‌లో నాలుగు క్లిక్కుల లోపల దాచిన సూచిక ఉన్నా లేనట్టే.

2. నేర్చుకునే సమయాన్ని పనిగంటల్లోనే ఇవ్వండి.

"ఎప్పుడైనా, ఎక్కడైనా నేర్చుకోవచ్చు" అన్న మాట ఆచరణలో "రాత్రి ఇంట్లో, సొంత డేటాతో" అని తేలుతోంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు, కౌంటర్ వదిలి కదలలేనివాళ్లకు, ఫీల్డులో ఫోన్ తప్ప మరేమీ లేనివాళ్లకు గడువు తేదీ మాత్రమే అందుతోంది, సమయం అందడం లేదు.

కోర్సుకు 45 నిమిషాలని రాస్తే రోస్టర్‌లో గంట కేటాయించండి. కోర్సు తమ మాతృభాషలో లేనివాళ్లకు ఇంకాస్త కావాలి. మూడు నెలలకోసారి ఒక్కో ఉద్యోగి మీద పడే తప్పనిసరి కోర్సుల మొత్తం నిడివి కూడండి. ఒక్కోటి 40 నిమిషాల కోర్సులు ఆరు ఉంటే 4 గంటలు, వెయ్యి మంది ఉద్యోగులకు 4,000 గంటలు. ఒక్కో విభాగం విడివిడిగా కోర్సులు పంపుతుంది కాబట్టి ఈ కూడిక ఎవరూ చేయరు. కొత్త కోర్సు ఒకటి చేర్చాలంటే పాతది ఒకటి తీసేయాలన్న నియమం పెట్టండి.

పదేళ్లుగా అదే పని చేస్తున్నవాళ్లకు ముందే పరీక్ష పెట్టండి. గట్టి ప్రశ్నలే అడగండి. నెగ్గినవాళ్లను ఆ ఏటి కోర్సు నుంచి వదిలేయండి, మారిన నియమాలు మాత్రం రెండు పేజీల్లో ఇవ్వండి.

3. కోర్సు అయిన వెంటనే పెట్టే పరీక్షను నమ్మకండి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీమళ్లీ చదివారు, కొందరు చదివి, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మీ కోర్సుల చివర మీరు కొలుస్తున్నది సరిగ్గా ఆ 5 నిమిషాల ఫలితాన్ని. అది చూసి శిక్షణ ఫలించిందంటున్నారు.

మరుపు గురించి హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే రాశాడు. "ఒక్క రోజులో ఇంత శాతం మరచిపోతారు" అంటూ మీ ప్రెజెంటేషన్లలో కనిపించే అంకెలను మాత్రం పట్టుకోకండి. ఆయన తన మీద తానే, అర్థంలేని అక్షరాల గుంపులతో చేసిన ప్రయోగమది. మీ ఉద్యోగి నేర్చుకునే పనికి ఆ శాతాలు వర్తించవు. మరుపు మొదట్లో వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, మధ్యలో ఎడం ఇచ్చి గుర్తుచేస్తే నిలుస్తుంది అన్నంతవరకు తీసుకోండి.

మేం అడిగేది ఇది. 45 నిమిషాల కోర్సును 20 నిమిషాలకు కుదించండి. మిగిలిన సమయంలో కొంత తర్వాతి మూడు నెలల్లో పంచండి: 3వ రోజు, 10వ రోజు, 30వ రోజు, 90వ రోజు. ఒక్కోసారి మూడే ప్రశ్నలు, మూడు నిమిషాలు, ఉద్యోగి రోజూ తెరిచే యాప్‌లోనో మెయిల్‌లోనో. ఎక్కువకాలం గుర్తుండాల్సిన విషయానికి ఎడం ఇంకా పెంచాలి. ఇందులో వచ్చే మార్కులను పనితీరు రికార్డులోకి ఎక్కించకండి. ఎక్కించిన మరుక్షణం జవాబుల ఫొటోలు మళ్లీ తిరుగుతాయి.

4. ప్రశ్నలు పనిలోంచి పుట్టాలి.

సైబర్ భద్రత కోర్సుల్లో "ఫిషింగ్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న తరచూ కనిపిస్తుంది. దానికి జవాబు (నమ్మకమైనవారిలా నటిస్తూ మెయిళ్లతో చేసే మోసం అని) తెలిసినవాళ్లే రోజూ మోసపోతున్నారు. దాని బదులు ఇలా అడగండి:

"మీకు ఏళ్లుగా సరుకు ఇస్తున్న సరఫరాదారు నుంచి మెయిల్ వచ్చింది. బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల బిల్లు సాయంత్రంలోగా కొత్త ఖాతాకు పంపండి, సందేహం ఉంటే కింది నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది. ఏం చేస్తారు? (అ) ఆ మెయిల్‌కే జవాబిచ్చి నిర్ధారించుకుంటాను. (ఆ) మెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాను. (ఇ) మన రికార్డుల్లో ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాను."

అ, ఆ రెండూ జాగ్రత్తపరులు చేసే తప్పులే. అందుకే అవి మంచి తప్పు జవాబులు. అ ఎంచుకున్నవారికి "తప్పు" అని చెప్పి ఊరుకోకూడదు. "మెయిల్ పంపింది మోసగాడే అయితే మీ ప్రశ్న అతనికే చేరుతుంది, అవును మారింది అని అతనే రాస్తాడు" అని చూపించాలి. నేర్చుకోవడం జరిగేది ఆ వాక్యం దగ్గరే. మా కోర్సుల్లో కత్తెర ముందుగా పడేదీ దాని మీదే, "రాత ఎక్కువైంది" అని.

ప్రతి ప్రశ్నకూ నాలుగైదు జవాబులుండాలన్న పట్టుదల వదలండి. ఏళ్ల తరబడి పరిశోధనలను కలిపి మైఖేల్ రోడ్రిగెజ్ 2005లో చేసిన విశ్లేషణ మూడు సరిపోతాయని తేల్చింది. నాలుగోది సాధారణంగా ఎవరూ ఎంచుకోని చెత్తే. జవాబుల నిడివి సమానంగా ఉండాలి. "పైవన్నీ" ఉండకూడదు. అడిగే ప్రశ్నలకు మూడింతల ప్రశ్నల నిధి ఉండాలి, 10 అడిగితే 30 రాయాలి. ఇవి మేం ఒక్కళ్లం రాయలేం. తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలిసిన అనుభవజ్ఞులను రెండు పూటలు మాకు అప్పగించండి. పాలసీ పత్రం పంపి "దీన్ని కోర్సుగా మార్చండి" అంటే మీకు చేరేది మళ్లీ ఆ పత్రమే, కాస్త బొమ్మలతో.

5. వీడియోలు, గొంతు, డేటా.

తెర మీద రాసినదాన్నే చదివి వినిపించడం సాయం కాదు, అడ్డు. కన్ను ఒక వేగంతో చదువుతుంది, గొంతు ఇంకో వేగంతో నడుస్తుంది, రెంటినీ కలుపుకోవడానికే ఉద్యోగి శ్రమపడతాడు. విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు ఈ సంగతిని ఎన్నోసార్లు చూపించాయి. బొమ్మ ఉన్నచోట గొంతు పెట్టండి, వాక్యాలు ఉన్నచోట చదువుకోనివ్వండి. శబ్దాల మధ్య పనిచేసేవారికీ, వినికిడి సమస్య ఉన్నవారికీ, భాష కొత్తవారికీ క్యాప్షన్లు ఆన్ చేసుకునే వీలుండాలి. "నెక్స్ట్" బటన్‌కు వేసిన తాళం తీసేయండి.

ఆరు నిమిషాల లెక్క కూడా చాలామంది చెబుతారు. ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల 69 లక్షల వీక్షణలను పరిశీలించి, చిన్న వీడియోలనే జనం ఎక్కువసేపు నిలిచి చూస్తున్నారనీ, ఆరు నిమిషాలు దాటనివ్వకపోవడం మేలనీ చెప్పారు. అది చూడటం గురించిన లెక్క, నేర్చుకోవడం గురించినది కాదు. గంట ఉపన్యాసాన్ని పది ముక్కలు కోసి "మైక్రోలెర్నింగ్" అని పేరు పెట్టినంత మాత్రాన ఏమీ మారదు. ఒక వీడియోలో ఒకే పని, దాని వెంటనే ఆ పనిని చేయించే అభ్యాసం ఉంటే నిడివి దానంతటదే తగ్గుతుంది.

డేటా సంగతి. 720పీ వీడియోను సెకనుకు 1.5 మెగాబిట్ల రేటుతో పెడితే నిమిషానికి సుమారు 11 ఎంబీ, అరగంటకు దాదాపు 340 ఎంబీ. 480పీలో 500 కిలోబిట్లకు కుదిస్తే అరగంటకు 112 ఎంబీ. స్లయిడ్ కదలకుండా ఒకరు మాట్లాడటమే అయితే 64 కిలోబిట్ల ఆడియో చాలు, అరగంటకు 15 ఎంబీ లోపే. బొమ్మలు, రాతప్రతి విడిగా ఇవ్వొచ్చు. ఆ తేడా ఉద్యోగి జేబులోంచి పోతోంది కాబట్టి ఏ రేటుతో పెట్టాలో శిక్షణ విభాగమే నిర్ణయించాలి, దాన్ని ఎడిటర్ ఇష్టానికి వదలకూడదు.

6. సిస్టమ్ తప్పుకు ఉద్యోగిని దోషిని చేయకండి.

కోర్సు పూర్తిచేసినా "అసంపూర్ణం" అని చూపడం, వరసగా రిమైండర్లు, పై అధికారికి నకలు, చివరికి ఇంక్రిమెంట్ ఆగడం. ఇందులో ఉద్యోగి తప్పు తరచూ ఏమీ ఉండదు. ఇప్పటికీ ఎన్నో సంస్థలు 2001 నాటి స్కార్మ్ 1.2 (కోర్సు ఫలితాన్ని ఎల్‌ఎంఎస్‌కు చేరవేసే ప్రమాణం) పద్ధతిలోనే కోర్సులు నడుపుతున్నాయి. అందులో పూర్తి, పాస్ రెండిటినీ చెప్పే గడి ఒక్కటే. పాసైన ఉద్యోగి ఏదో చూసుకుందామని కోర్సు మళ్లీ తెరిస్తే, కొన్ని కోర్సులు మొదట్లోనే "అసంపూర్ణం" అని రాసి పాత ఫలితాన్ని చెరిపేస్తాయి. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకునే చోటు 4,096 అక్షరాలే. పెద్ద కోర్సుల్లో అది నిండిపోతే మర్నాడు మొదటికొస్తుంది. స్కార్మ్ 2004లో పూర్తి, పాస్ విడివిడి గడులయ్యాయి. 2016లో వచ్చిన సీఎంఐ5 అనే కొత్త ప్రమాణంతో ఇంకొన్ని చిక్కులు తీరాయి. మారడం ఒక్కరోజు పని కాదని మాకూ తెలుసు.

మారేలోగా, ప్రతి కోర్సూ విడుదలకు ముందు ఈ పరీక్షలన్నీ దాటాలి: సగంలో ట్యాబ్ మూసి తెరవడం, మధ్యలో నెట్ తీసేసి మళ్లీ పెట్టడం, లాగిన్ గడువు తీరేదాకా కదపకుండా వదిలేయడం, పాపప్‌లు ఆపేసిన బ్రౌజర్‌లో తెరవడం, పాసయ్యాక మళ్లీ తెరిచి మూయడం, మామూలు ధర ఫోన్‌లో మొదటి నుంచి చివరిదాకా చేయడం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు నెట్ మీద ఒకసారి నడిచిందంటే పరీక్షించినట్టు కాదు. ఉద్యోగి "నేను పూర్తిచేశాను" అంటే సర్వర్ లాగ్ చూసి 3 పనిదినాల్లో తేల్చాలి. తేలేదాకా రిమైండర్లు ఆపాలి. అనుమానం ఉంటే ఉద్యోగికే అనుకూలంగా తీర్చాలి.

7. మూడొందల మంది ఉన్న వెబినార్‌ను క్లాసు అనకండి.

అది ప్రకటన. ప్రకటన చేయాల్సివస్తే చేయండి, 30 నిమిషాల్లో ముగించండి. అభ్యాసం కావాలంటే మాత్రం 12 నుంచి 20 మంది, నడిపేవాళ్లు ఇద్దరు (చెప్పడానికి ఒకరు, చాట్, సాంకేతిక ఇబ్బందులు చూడటానికి ఒకరు), ఐదు నుంచి ఎనిమిది నిమిషాలకోసారి పాల్గొనేవారు ఏదో ఒకటి చేయాలి. పాల్గొనేవారిని ఆన్‌లైన్‌లోనే విడి గుంపులుగా చిన్న గదుల్లోకి పంపేటప్పుడు ముగ్గురు నలుగురికి మించకూడదు. ఏం చేయాలో, ఎన్ని నిమిషాలో, తిరిగొచ్చి ఏం చెప్పాలో రాసి ఇవ్వాలి, నోటిమాటగా చెబితే గది మారగానే పోతుంది. కెమెరా బలవంతం వద్దు. రికార్డింగ్ లింక్ పంపి రానివాళ్లకూ నేర్పేశామని చేతులు దులుపుకోవద్దు.

8. వైకల్యం ఉన్న ఉద్యోగిని గుమ్మం బయట నిలబెట్టకండి.

అక్షరానికీ నేపథ్యానికీ కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలని వెబ్ ప్రమాణాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అయినా లేత బూడిదరంగు అక్షరాలు వస్తూనే ఉన్నాయి. మౌస్‌తో లాగి వదిలే ఆటలకు కీబోర్డు దారి ఉండదు. స్క్రీన్ రీడర్‌తో (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) చదివేవారు క్విజ్ దాకా వచ్చి అక్కడ ఆగిపోతారు. వాళ్ల పేరు పక్కన మళ్లీ "అసంపూర్ణం". కోర్సు కొనే ఒప్పందంలోనే ఈ షరతు రాయండి. తర్వాత సరిచేయాలంటే ఖర్చు పెరుగుతుంది.

9. పనిలో మార్పును కొలవండి.

శిక్షణ ఫలితాన్ని కొలిచే నాలుగు మెట్ల పద్ధతిని డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో రాశాడు: నచ్చిందా, నేర్చారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా. ఇన్నేళ్లయినా చాలా సంస్థలు మొదటి మెట్టు మీదే, నక్షత్రాల రేటింగ్ దగ్గరే కూర్చున్నాయి. పై మెట్లు ఎక్కడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. కోర్సు మారుస్తానన్న ఒక్క అంకెను ఎంచుకోండి, తిరిగొచ్చిన దరఖాస్తుల సంఖ్య కావచ్చు, ఫిర్యాదుల సంఖ్య కావచ్చు. ముందు రెండు నెలల లెక్క తీసిపెట్టుకోండి. కోర్సును సగం శాఖలకు ఇప్పుడు, మిగతా సగానికి రెండు నెలల తర్వాత ఇవ్వండి. ఎలాగూ అందరికీ ఒకేరోజు ఇవ్వలేరు కాబట్టి దీనికి అదనపు ఖర్చు లేదు, పోల్చడానికి మాత్రం రెండు గుంపులు దొరుకుతాయి. తేడా లేకపోతే ఆ కోర్సు తీసేయండి. మేం నొచ్చుకోం.

నేర్చుకున్నది పనిలోకి రావడం మేనేజర్ చేతిలో ఎక్కువగా ఉంది. కోర్సుకు ముందు 10 నిమిషాలు, "ఇది ఎక్కడ వాడతావు?" అని అడగడానికి. వారం తర్వాత 15 నిమిషాలు, వాడిన పనిని చూడటానికి. వీటిని మేనేజర్ పనిగా రాయండి. "మా దగ్గర అలా కుదరదు" అని మేనేజర్ అన్న రోజునే కోర్సు ముగిసిపోతుంది.

ఒక మాట పక్కన. "చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం గుర్తుంటుంది" అనే పిరమిడ్ బొమ్మను దయచేసి మాకు పంపడం మానండి. దానికి మూలమని చెప్పే విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946 నాటి "అనుభవాల శంకువు" బొమ్మలో శాతాలే లేవు. "ఒకరు చూసి నేర్చుకుంటారు, ఒకరు విని నేర్చుకుంటారు, ఎవరికి తగ్గట్టు వారికి కోర్సు చేయండి" అన్నదానికీ 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం వెతికితే తగిన ఆధారం దొరకలేదు. ఆ డబ్బుతో మంచి ప్రశ్నలు రాయించండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఉద్యోగులందరికీ కనబడేలా మూడు విషయాలు ప్రకటించాలని కోరుతున్నాం: ఈ ఏడాది ఒక్కో హోదాలో ఉద్యోగి మీద ఉన్న తప్పనిసరి కోర్సుల మొత్తం గంటలు, వాటిలో ఉపసంహరించే కోర్సుల జాబితా, రికార్డు తప్పుగా ఉందన్న ఫిర్యాదులు తేల్చే అధికారి పేరు, గడువు. ఆ ప్రకటన వెలువడేదాకా కోర్సు పూర్తికాలేదన్న కారణంతో ఎవరి ఇంక్రిమెంటూ ఆపవద్దని మనవి.

ఇట్లు,
ఆన్‌లైన్ శిక్షణ కోర్సులు రాసేవారు, తయారుచేసేవారు, నడిపేవారు